చప్పుడు లేని నాడె

జులై 7, సోమవారం

ఇది పని డైరీ. పని సంగతులే రాయాలి. పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నన్నాళ్ళూ పిల్లల చేత ఇలాగే రాయించాను. ఏం చేశాం, ఏం చెడింది, ఎందుకు చెడింది. మధ్యలో సొంత కవిత్వం కలిపినవాడికి మార్కులు కోసేవాణ్ణి. కాలేజీ మూతపడింది గానీ రూలు మూతపడలేదు.

పని ఇదీ. ఈ పెడన ఇంట్లో గోడకి అవతలి వాటాలో మగ్గం నేసే ప్రసన్నలక్ష్మి గారికి ప్లాస్టిక్ నాడె ఒకటి చెయ్యాలి. నాడె అంటే ఏమిటన్నయ్యా అని కోడూరు నుంచి మా చెల్లెలు శాంతి ఫోన్లో అడిగింది. పడుగు పోగుల మధ్య నూలు కండెని మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే చెక్క ముక్కమ్మా, రెండు చివర్లూ పడవలా ఉంటుంది, అని చెప్పాను. "నీకెందుకు అన్నయ్యా అవన్నీ, మిక్సీ బిళ్ళలు, చెరువు మోటారు సామాన్లు చేసుకునేవాడివి కదా" అంది. వ్యాపారమే అన్నాను. పెడనలో ఇంకా చాలా మగ్గాలున్నాయి. ఒకటి కుదిరితే అందరూ అడుగుతారు.

ప్రసన్నలక్ష్మి గారి పాత నాడె పక్కన చీలింది. కొవ్వొత్తి మైనం రాసి నెట్టుకొస్తున్నారు. బజార్లో దొరికే కొత్త నాడెలు బరువు, ఆవిడ కుడి భుజం అసలే నొప్పి. గుడివాడలో బట్టల కొట్టున్న ఆవిడ తమ్ముడు గోవర్ధనరావు నిన్న వచ్చి, "బావ పోయి ఇన్నేళ్ళయింది, ఇంకా ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటావక్కా, వచ్చి కొట్లో కూర్చో" అన్నాడు. గోడ పల్చన. వినాలని వినలేదు.

ఆవిడ ఏం జవాబు చెప్పిందో వినపడలేదు.

జులై 8

ప్లాస్టిక్‌ని నున్నగా చెయ్యడానికి అసిటోన్ కావాలి, ఇక్కడ దొరకలేదు. గోళ్ళరంగు తుడిచే నీళ్ళలో అదే ఉంటుంది కదా అని ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి పది సీసాలు ఇమ్మన్నాను. ఆ అమ్మాయి నా వేళ్ళ వంక చూసి, నవ్వు ఆపుకుని ఇచ్చింది. దాన్లో నూనె, గులాబీ వాసన కలిపారు. పనికిరాలేదు. గది మాత్రం పెళ్ళివారిల్లులా ఉంది.

జులై 10, గురువారం

నాడె రెండు ముక్కలుగా ప్రింటయింది. నా త్రీడీ ప్రింటర్ మిషన్ పీట చిన్నది, నాడె పొడుగు. రెండు ముక్కల్నీ అతికించి గోడ అవతలికి పట్టుకెళ్ళాను.

ప్రసన్నలక్ష్మి గారు దాన్ని చేత్తో తడమలేదు. చెంపకి ఆనించి, మెల్లగా చెవి దాకా లాగారు. ఇక్కడ అందరూ నాడెని అలాగే చూస్తారట. చేతులు కాయ కాసి ఉంటాయి, వాటికి గరుకు తెలియదు, చెంపకి తెలుస్తుంది.

"కొబ్బరి పీచులా ఉందండీ మాస్టారూ" అన్నారు. "ఇది పడుగులోకి వెళ్తే ఒక్క పోగు మిగలదు."

నిజమే. ఈ మిషన్ ప్లాస్టిక్‌ని దారంలా కరిగించి పొర మీద పొర వేస్తుంది. ప్రతి పొరా ఒక గీత. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పోయి గీట్లు వస్తాయి. దీనికి ఒకటే మార్గం. మూసిన తొట్టిలో అసిటోన్ ఆవిరి పట్టాలి. ఆవిరి తగిలితే ఈ రకం ప్లాస్టిక్ పైపొర కాస్త కరిగి, తనంతట తనే సర్దుకుని అద్దంలా అవుతుంది. అందుకు తొట్టి కట్టాలి.

నాడె వెనక్కిస్తూ, "మీ మొహం అలా పెట్టకండి, మొదటి ఇడ్లీ ఎవరికీ సరిగ్గా రాదు" అన్నారు. నేను మొహం ఏమీ పెట్టలేదు.

జులై 13, ఆదివారం

ప్రార్థన అయ్యాక కృత్తివెన్ను వెళ్ళాను. అక్కడ రొయ్య పిల్లల్ని పరీక్ష చేసే లాబ్‌లో దేవదానం, నా పాత స్టూడెంటు, ఒక అద్దం తొట్టి పక్కన పడేశాడని విన్నాను. మూల కాస్త పగిలింది. "దేనికి సార్, చేపలా?" అన్నాడు. ఆవిరి పట్టడానికి అన్నాను. జలుబేమో అనుకుని వాళ్ళావిడతో మిరియాల టీ పెట్టించాడు. తాగి వచ్చాను.

తొట్టిని ఎన్ని నీళ్ళు పోసి కడిగినా రొయ్యల వాసన పోలేదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. మామూలుగా కూడా ఖాళీగానే ఉంటుందనుకోండి.

ఎవరితో అంటున్నాను "అనుకోండి" అని. పని డైరీ ఇది.

జులై 16

బందరులో రోల్డ్ గోల్డ్ పని చేసే శోభనాద్రి గారి దగ్గర అసలైన అసిటోన్ దొరికింది. మా ఇంటి ఓనరు కూడా ఆయనే. "ఇల్లు తగలబెట్టరు కదా" అన్నాడు. నిప్పు, స్విచ్చి, అగరుబత్తి ఏదీ దగ్గర ఉండకూడదని చెప్పి, ఆయన ఇంకేదో అడిగేలోగా బస్సెక్కాను.

ఇంటికొచ్చి ప్రసన్నలక్ష్మి గారికీ అదే జాగ్రత్త చెప్పాను. నేను తొట్టి పెట్టినప్పుడు గోడ దగ్గర అగరుబత్తి వెలిగించొద్దని.

"నేను మానేస్తానండీ. దేవుడికి మాత్రం మీరే చెప్పండి" అంది.

జులై 18, శుక్రవారం

తొట్టి ఇలా కట్టాను. లోపలి గోడలకి గుడ్డ, అయస్కాంతం బిళ్ళలతో పట్టించి. గుడ్డకి అసిటోన్ తడి. అడుగున అల్యూమినియం రేకు. మధ్యలో తీగ స్టాండు, దాని మీద నాడె. పైన అద్దం పలక మూత. వేడి చెయ్యనక్కర్లేదు, ఆ ద్రవం దానంతటదే ఆవిరవుతుంది. ఆవిరి గాలికంటే బరువు, తొట్టి అడుగునే పొగమంచులా నిలబడుతుంది. కంటికి కనపడదు.

పైన అద్దమైంది. కింద స్టాండు తీగల గాట్లు పడ్డాయి, జంతికల గొట్టం వత్తినట్టు.

ప్రసన్నలక్ష్మి గారు చూసి, "పెట్టడమెందుకు, వేలాడదీయకూడదా?" అన్నారు. నాకెందుకు తట్టలేదో. తన కండెల్లోంచి కాస్త నూలు తెంపి ఇచ్చారు. ఆకుపచ్చ.

జులై 24, గురువారం. అమావాస్య.

ఇవాళ మగ్గం ఆడదు. అమావాస్యనాడు నేతవాళ్ళు మగ్గం ముట్టుకోరు.

ఈ ఇంట్లో దిగిన కొత్తలో నాకిది తెలియదు. పొద్దున్నుంచి రాత్రి దాకా గోడ అవతల టక్ టక్ మని నాడె మగ్గానికి రెండు పక్కలా ఉండే పెట్టెలకి కొట్టుకుంటూనే ఉండేది. మొదటి వారం దిండు చెవుల మీద పెట్టుకున్నాను. రెండో వారం ఓనరుతో గొడవ పెట్టుకున్నాను. తర్వాత ఎప్పుడు అలవాటైందో తెలియదు. ఒకరోజు చప్పుడు లేదు. పొద్దున లేదు, మధ్యాహ్నమూ లేదు. అన్నం సహించలేదు. వెళ్ళి తలుపు కొట్టాను. అప్పటిదాకా ఆవిడతో ఒక్క మాట మాట్లాడినవాణ్ణి కాదు.

"మగ్గం ఆగిందేంటని..." అన్నాను.

"అమావాస్య కదండీ" అంది. నా వంక కాసేపు చూసి, "ఏం, మీకు నిద్రపట్టట్లేదా?" అంది.

అప్పటినుంచి మగ్గం ఆగితే ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్తాను. కరెంటు ఉందా అని ఒకసారి, మంచినీళ్ళ క్యాను వచ్చిందా అని ఒకసారి. ఆవిడకి వంకని తెలుసు. పోగు తెగిందనో, కండె చుట్టుకుంటున్నాననో చెబుతుంది. ఒకసారి జ్వరంతో పడుకుని ఉంటే మందులు తెచ్చిపెట్టాను.

మా చర్చివాళ్ళిచ్చిన క్యాలెండర్లో అమావాస్యలుండవు. నేనే పెన్నుతో గుర్తు పెట్టుకుంటాను. శాంతి పోయినసారి వచ్చినప్పుడు ఆ చుక్కలు చూసి ఏమిటన్నయ్యా అంది. గ్యాస్ సిలిండర్ తేదీలన్నాను.

ఇదంతా పని కాదు. మార్కులు కోసుకుంటున్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

తొట్టి గోడలకి పెట్టిన గుడ్డ చివికిపోయింది. ఈ ఊళ్ళో గుడ్డ ముక్కలకేం కరువు. కలంకారీ అద్దకం చేసే చోట మూల పడేసినవి అడిగితే చేతినిండా ఇచ్చారు. వాటిని తడిపి పెట్టాను. మూత తీసేసరికి నాడె పక్కన ఎర్రగా ఒక మరక. గుడ్డ మీది రంగు అసిటోన్‌లో కరిగి, జారి, మెత్తబడ్డ ప్లాస్టిక్‌కి పట్టేసింది. ఇంకెక్కడివాడైనా తెల్లగుడ్డ వాడతాడు. ఈ ఊళ్ళో మాత్రం పువ్వుల గుడ్డ తప్ప చేతికి రాదు. తిట్టుకున్నాను.

ఆవిడ చూసి, "మీ నాడెకి పువ్వు పూసింది" అని నవ్వింది. తుడుస్తానంటే వద్దంది. చెంపకి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు నాడెలా ఉంది" అంది.

వెంటనే మగ్గమెక్కిస్తానంది. వద్దన్నాను. ఆవిరి పట్టిన ప్లాస్టిక్ పైకి గట్టిగా కనిపించినా లోపల కొన్నాళ్ళు మెత్తగానే ఉంటుంది. ఆరాలి. తొందరపడితే పోగులు అంటుకుంటాయి.

"మీకు ఓపిక చాలా ఎక్కువండీ" అంది. పొగిడిందో ఏమో తెలియలేదు.

ఆగస్టు 5

వాసన గోడ దాటుతోందట. ఆవిడకి తలనొప్పి. నేనడిగితే గానీ చెప్పలేదు. పెరటి కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాను, తొట్టికి దూరంగా. పాతది, లారీలా మోగుతుంది. అయినా వాసన వీధి వైపు పోతుంది. ఇకనుంచి తొట్టి పెట్టినరోజు రాత్రంతా కూడా వేసే ఉంచాలి.

ఆగస్టు 11, సోమవారం

ఆరిన నాడెకి పాతదాని ఇనప మొనలు తొడిగి ఇచ్చాను. పొద్దున నేసింది. ఒక్క పోగు తెగలేదు. భుజం తేలిగ్గా ఉందంది. కానీ పెట్టెలకి కొట్టుకున్నప్పుడల్లా ప్లాస్టిక్ ఫట్ ఫట్ మని, తల పగిలే చప్పుడు. మొన దగ్గర సన్నగా బీట కూడా. చెక్క దెబ్బని మింగుతుంది, ప్లాస్టిక్ మింగలేదు.

సైకిలు ట్యూబు ముక్కలు మడతపెట్టి రెండు పెట్టెల్లో బిగించాను. ఇంకో నాడె ప్రింటు తీశాను, ఈసారి పక్కలు మందంగా. దీనికీ అదే గుడ్డ వాడాను. అదే పువ్వు కావాలందిగా.

ఆగస్టు 18, సోమవారం

గెలిచాను.

మొన్నటినుంచి మగ్గం కొత్త నాడెతో ఆడుతోంది. నాడె అటు వెళ్తే తెలియదు, ఇటు వస్తే తెలియదు. పాముపిల్లలా జారిపోతుంది. పేక పోగుని దగ్గరికి తట్టే పలక, అచ్చు, మెత్తగా ధబ్బుమంటుంది, అది గోడ దాటదు. గోడ దాటేది నాడె చప్పుడొక్కటే. అది ఇప్పుడు లేదు.

ఆవిడకి తలనొప్పి పోయింది. తలెత్తకుండా నాలుగు మూరలు నేసిందట. నిన్న తమ్ముడు వస్తే, "నేనెక్కడికీ రాను, నా మగ్గం ఇప్పుడు బాగుంది" అని గట్టిగా చెప్పేసింది. ఈసారి జవాబు స్పష్టంగా వినిపించింది.

మొదటిరోజు మాత్రం కష్టమైంది. మగ్గం ఆగిందనుకుని మాటిమాటికీ లేచాను. వెళ్ళి చూస్తే నేస్తూనే ఉంది. ఏంటండీ అంది. మంచినీళ్ళ క్యాను అన్నాను. ఉందిగా అంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళాను. ఇలా అయితే బాగుండదు. వయసు మళ్ళిన మనిషిని, పెళ్ళీపెటాకులు లేనివాణ్ణి, ఊరికే ఆడమనిషి గుమ్మంలో నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు. కాబట్టి నిర్ణయం. చప్పుడు లేకపోతే పని బాగా జరుగుతున్నట్టు. కుర్చీలోంచి లేవకూడదు.

ఇవాళ లేవలేదు.

ఆగస్టు 20

కుళాయి దగ్గర కనపడింది.

"ఈ మధ్య రావడమే మానేశారు" అంది.

"మగ్గం ఆగట్లేదుగా" అన్నాను.

"అంతేలెండి. ఆగితేగా మీరొచ్చేది" అని బిందె ఎత్తుకుంది.

మంచి జవాబు చెప్పాననుకున్నాను. ఇంటికొచ్చాక ఎందుకో అంత మంచిగా అనిపించలేదు.

ఆగస్టు 21

చాలా నిశ్శబ్దంగా ఉంది. రేడియో కొనాలేమో.

ఆగస్టు 23, శనివారం. అమావాస్య.

మగ్గం ఆడని రోజు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియలేదు.

ఇంకో నాలుగు నాడెలకి ఆర్డరొచ్చింది, పక్క వీధివాళ్ళవి. మొదట ఎవరికి చెప్పాలో తెలుసు. కానీ లేవలేదు.

ఆగస్టు 24, ఆదివారం

చర్చి అయ్యాక తొట్టిలో రెండు నాడెలు వేలాడదీశాను. ఆకుపచ్చ నూలు అయిపోవచ్చింది, అడగాలి. ఫ్యాన్ వేశాను, రాత్రంతా ఉంచాలి. ఆవిడ వాకిట్లో లైటు ఈ రాత్రి వెలగలేదు. రెండు రోజుల పని ఒక్క రోజులో చేసి అలసి పడుకుని ఉంటుంది. ఏ చప్పుడూ లేకుండా నేస్తుంటే ఎంత నేసిందో మనిషికే తెలియదు.

ఆగస్టు 25, సోమవారం, మధ్యాహ్నం

నాడెలు రెండూ అద్దాల్లా వచ్చాయి. గోడ అవతల నిశ్శబ్దం. ట్యూబు రబ్బరు సర్దుకున్నట్టుంది, చెవి పెట్టి విన్నా ఏమీ లేదు. ఇంత బాగా కుదురుతుందనుకోలేదు. పాలిటెక్నిక్‌లో ఎవడైనా ఇది చేసి తెస్తే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

ఆగస్టు 26

ఫ్యాన్ పీకేశాను.

ఆగస్టు 28, గురువారం

ఏం చేశాం, ఏం చెడింది, ఎందుకు చెడింది.

ఆదివారం దీపం పెట్టే వేళకి ప్రసన్నలక్ష్మి గారు మగ్గం గుంటలోంచి పైకి లేస్తూ జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. లేవలేకపోయారు. ఫోను వంటింట్లో ఉంది. ఆ రాత్రీ, మర్నాడు పగలూ గుంట అంచున నేల మీదే ఉన్నారు. అక్క ఫోను ఎత్తడం లేదని గోవర్ధనరావు గారు సోమవారం సాయంత్రం గుడివాడ నుంచి వచ్చి తలుపు గడియ విరగ్గొట్టారు. ఆ చప్పుడుకి నేను బయటికొచ్చాను.

బయటికొచ్చి, "ఏమైందండీ" అని అడిగాను. ఆయన్ని, పక్కవాటాలో ఉండే నేను.

అంబులెన్సులో ఎక్కిస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మగ్గం మీద సగం చీర. నాడె పడుగు మధ్యలో ఆగి ఉంది, ఎర్ర మరక పైకి కనపడేలా.

ఎందుకు చెడింది అన్నది ఇంకా రాయలేదు. తర్వాత రాస్తాను.

ఆగస్టు 29

తర్వాత.

ఆగస్టు 31, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. గుడివాడ వెళ్ళాను. బత్తాయిలు కొన్నాను. ఆస్పత్రి మెట్ల దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. గోవర్ధనరావు గారు చూసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "పక్కనే మీరున్నారు కదా అని మేం ధీమాగా ఉండేవాళ్ళమండీ" అన్నారంతే. తర్వాత మందుల కోసం కిందికి వెళ్ళారు. తిడితే బాగుండేది.

ఆపరేషనైంది. ఇంక గుంటలో కూర్చోవడం, కాళ్ళతో చెక్కలు తొక్కడం కుదరదన్నారట. ఆవిడ దిండుకి ఆనుకుని ఉంది. జడ ఎవరో వేశారు, ఆవిడ వేసుకునేలా లేదు.

"రండి మాస్టారూ. ఇంత ఎండలో ఎందుకొచ్చారు?"

"బస్సులో ఎండేముందండీ."

"రొయ్యల వాసన రావట్లేదు. తొట్టి పారేశారా?"

లేదన్నాను. బత్తాయిలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"పిలవలేదా నన్ను?"

"పిలిచానండీ. మీ ఫ్యాను మోగుతోంది. నాకే నా గొంతు వినపడలా. తెల్లారేసరికి గొంతే పోయింది." దుప్పటి సర్దుకుంది. "మరీ భయపడలేదులెండి. మగ్గం ఆగింది కదా, ఎలాగూ వస్తారు అనుకుంటూ పడుకున్నా. రాత్రి వస్తారనుకున్నా. తెల్లారాక క్యాను వంక పెట్టుకుని వస్తారనుకున్నా."

బత్తాయిలు మంచం మీద పెట్టి చెప్పాను. చప్పుడు లేకపోతే మగ్గం ఆడుతుందనుకున్నానని. నాడె చప్పుడు ఒక్కటే గోడ దాటేదని, దాన్ని నేనే తీసేశానని.

ఆవిడ కిటికీ వైపు చూసి ఆలోచించింది.

"అదీ నిజమేనండీ" అంది. "అంత బాగా కుదిరింది మీ నాడె."

ఎగతాళి కాదు. నిజంగానే మెచ్చుకుంది. నేను బాత్రూమ్ ఎక్కడుందని అడిగి బయటికొచ్చి, వరండాలో గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఒక నర్సు చూసి ఎవరు పోయారండీ అంది.

లేచి వస్తుంటే దిండు కింద నుంచి తాళం చెవి తీసి ఇచ్చింది. "గడియ బాగు చేయించాడట మా తమ్ముడు. మగ్గం మీద చీర ఉంది. ఎలకలు కొడతాయి. అప్పుడప్పుడూ కిటికీలు తీస్తూ ఉండండి."

సెప్టెంబరు 3

నాలుగు నాడెల ఆర్డరు వద్దని చెప్పేశాను. ఎందుకంటే ఏం చెప్పాలో తెలియక, కుదరలేదన్నాను. "ప్రసన్నలక్ష్మికి కుదిరిందిగా" అన్నారు.

సెప్టెంబరు 7

తాళం తీసి కిటికీలు తెరిచాను. దుమ్ము దులిపాను. ఎలకలు రాలేదు. చీర ఆకుపచ్చది. తొట్టిలో నాడెలు వేలాడింది ఈ నూలుతోనే.

సెప్టెంబరు 9

పెట్టెల్లోంచి ట్యూబు ముక్కలు పీకేశాను. ఎందుకు పీకానో తెలియదు. నేసేవాళ్ళు లేరు.

సెప్టెంబరు 12, శుక్రవారం

పువ్వు మరక నాడెని తొట్టిలో పెట్టి, పూర్తిగా కరిగేదాకా వదిలేద్దామనుకున్నాను. గుడ్డ తడిపాను, నూలు కట్టాను, మూత పెట్టాను. ఆ ఎరుపు కాస్త జారడం మొదలెట్టగానే మూత తీసేశాను. ఒక చివర మొన ఒరిగింది. ఇప్పుడది నాడె కాదు, ఇంకేదీ కాదు. అలమరలో పెట్టాను.

సెప్టెంబరు 15

శాంతి ఫోన్ చేసింది. గొంతు బాగాలేదేమన్నయ్యా అంది. వాసనలు పీల్చి గొంతు పట్టిందన్నాను. మానెయ్ అంది. మానేశానన్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం. అమావాస్య.

మగ్గం దగ్గరికి వెళ్ళాను గానీ ముట్టుకోలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

చీలిన చెక్క నాడె ఆవిడ గూట్లోనే ఉంది. మైనం రాసి, మొనలు మళ్ళీ తొడిగాను. కండె పెట్టలేదు, చీర పాడవుతుంది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. మోకాళ్ళు పట్టలేదు, ఆవిడ కొలతకి తవ్వించుకున్న గుంట. తాడు లాగితే నాడె అటు వెళ్ళి టక్ మంది. మళ్ళీ లాగితే ఇటొచ్చి టక్ మంది.

అదే చప్పుడు. కానీ అది గోడకి ఇవతల వినాల్సిన చప్పుడు. అవతల కూర్చుని నేను కొడుతుంటే నా గదిలో వినేవాడెవడు. నాడె ఆపి, వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటే చప్పుడు ఉండదు. రెండు చోట్లా ఒక్కణ్ణే ఉండలేను కదా. ఈ చిన్న సంగతి తెలియడానికి గుంటలో దిగాల్సి వచ్చింది.

అప్పుడు గుడివాడకి ఫోన్ చేశాను. ఇప్పుడు తమ్ముడింట్లోనే ఉంటోంది, పట్టుకుని నాలుగడుగులు వేస్తోందట.

"చీర బాగానే ఉందా?" అంది.

"ఉందండీ. ఒక్క నిమిషం ఫోన్ పెట్టకండి."

ఫోను మగ్గం చెక్క మీద పెట్టి తాడు లాగాను. టక్. టక్. మొదట్లో తడబడ్డాను, తర్వాత కుదిరింది. ఫోన్లో వాళ్ళింటి టీవీ వినిపిస్తోంది. కాసేపటికి టీవీ ఆగింది. ఎవరినో కట్టెయ్యమని చెప్పినట్టుంది. నేను లాగుతూనే ఉన్నాను. ఆవిడ రోజంతా ఎలా లాగేదో, నా భుజం అప్పటికే పట్టేసింది. చెయ్యి దులుపుకుందామని ఆపాను.

"ఏవండీ, ఆగిందేం?" అంది వెంటనే. "ఏమైంది మీకు?"

నన్నలా ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. గుంటలో అలాగే కూర్చున్నాను.

"మాస్టారూ, ఏమైందండీ?" అని మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు పెంచి.

ఏం లేదండీ, చెయ్యి నొప్పి పుట్టింది అన్నాను. మళ్ళీ తాడు లాగాను.